తాళం వేసిన షోకేసు

మా హాల్లో టీవీ పక్కన ఒక అద్దాల షోకేసు ఉంది. అందులో నలభై ఒక్క బొమ్మలున్నాయి. అవి నావి.

ఈ మూడో మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. గ్యాస్ సిలిండర్ తెచ్చే అతను ఆగాడు. కింది పోర్షన్ ఆవిడ ఆగింది. ఓటర్ల లిస్టు రాసుకోవడానికి వచ్చిన టీచరమ్మ పెన్ను గాల్లో పెట్టుకునే ఆగింది. "బాబువా?" అని అడుగుతారు. కాదు, నావి. "అంటే, మీ సారువా?" కాదండీ, మా సారుకు వాటిలో దేనికి ముఖం ఎటువైపో కూడా తెలియదు. నావి. నాకు నలభై ఎనిమిదేళ్ళు. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఒక ల్యాబులో పొద్దున ఏడింటి నుంచి జనం రక్తం తీస్తాను. సాయంత్రం అశోక్ నగర్‌లో ఇంటికొచ్చి కుక్కర్ పెట్టి, అది కూత వేసేలోపు గ్రహాంతరవాసుల మీద దుమ్ము దులుపుతాను. మధ్యలో ఎవరికి ఏం నొప్పి?

అవన్నీ జానెడు కూడా లేని ప్లాస్టిక్ మనుషులు, మరమనుషులు, మనుషులు కానివాళ్ళు. అంతరిక్షం సినిమాలు వచ్చినప్పుడల్లా కంపెనీలు వాటిలోని పాత్రలను ఇలా బొమ్మలుగా చేసి అమ్ముతాయి. కాళ్ళూ చేతులూ కీళ్ళ దగ్గర తిరుగుతాయి. లోకమంతా హీరోలను కొంటుంది. నేను హీరోలను కొనను. ఒక్కడు కూడా నా షోకేసులో లేడు. ఓడలో పెట్టెలు మోసేవాడు, గేటు దగ్గర నిలబడేవాడు, రెండో సీనులో చచ్చిపోయే పచ్చ చర్మపు గుమాస్తా, వీళ్ళే నాకు కావాలి.

దీనికి కారణం మా నాన్న. ఆయన సినిమా హాళ్ళన్నీ వరసగా ఉండే క్రాస్‌రోడ్స్‌లో ఒక హాల్లో గేట్‌కీపరు. ఆ హాలు ఇప్పుడు లేదు. చిక్కడపల్లిలో ఒకే గది ఇల్లు మాది, అక్కడి నుంచి నడిచే వెళ్ళేవాళ్ళం. ఆదివారం ఉదయం ఆటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. జనం పెద్దగా ఉండేవారు కాదు. నాన్న నన్ను పక్క తలుపు పరదా దగ్గర తన స్టూలు మీద కూర్చోబెట్టి టికెట్లు చించడానికి పోయేవాడు. ఆ మూల నుంచి చూస్తే తెర ఏటవాలుగా కనిపించేది. మధ్యలో ఉండే హీరో ఎక్కడో దూరంగా సన్నగా ఉండేవాడు. తెర అంచున నిలబడ్డవాళ్ళు మాత్రం నా మీదికే వచ్చేవారు. పైగా నాకు ఇంగ్లీషు రాదు. హీరో ఎంత మాట్లాడినా నాకు వేస్టే. అంచున ఉన్నవాళ్ళు మాట్లాడేవారు కాదు, పనిచేసేవారు. చక్రం తిప్పేవాడు, గొట్టం బిగించేవాడు. వాళ్ళ పని నాకు అర్థమయ్యేది. ఇంటికొచ్చాక నాన్నకు కథ చెప్పమంటే వాళ్ళ కథే చెప్పేదాన్ని. ఆయన గేటు దగ్గర నిలబడి అదే సినిమా చూసినవాడు, అయినా ఒక్కసారి కూడా తప్పు అనలేదు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో సుల్తాన్ బజార్‌లో పక్క పిన్నుల కోసం వెళ్ళి, ఒక బండి మీద ప్లాస్టిక్ సామాను కుప్పలో మొదటి బొమ్మను చూశాను. చక్రం తిప్పేవాడు. నేను స్టూలు మీద నుంచి చూసినవాడే. ఒక చెయ్యి లేదు. బండాయన "అది ఇరిగింది, ఇంకోటి తీస్కో చెల్లె" అన్నాడు. నాకదే కావాలన్నాను. అప్పటి నుంచి ఆపలేదు, ఆపే ఉద్దేశమూ లేదు.

ఇందులో పని చాలా ఉంటుంది, తెలియనివాళ్ళే ఆట అనుకుంటారు. మే నెల ఎండలకు మెత్తటి ప్లాస్టిక్ కాళ్ళు వంగిపోయి బొమ్మ తాగినవాడిలా ముందుకు వాలుతుంది. దాన్ని వేడినీళ్ళలో కాసేపు ముంచి, కాళ్ళు నిటారుగా సాగదీసి, వెంటనే ఫ్రిజ్ నీళ్ళలో పెడితే మళ్ళీ నిలబడుతుంది. మోకాలి కీలు వదులైతే రంగులేని గోళ్ళ పాలిష్ ఒక చుక్క వేసి ఆరబెట్టాలి. వాళ్ళ చేతుల్లోని సామాన్లు, అంటే బియ్యపు గింజంత పానాలు, తుపాకులు, లాంతర్లు, ఒక్కటి పోయినా బొమ్మ కుంటిదైపోయినట్టే. అందుకే వాటిని కుంకుమ భరిణెల్లో దాస్తాను. పేరంటాలకు వెళ్ళిన ప్రతి ఆడదాని ఇంట్లో ఓ డజను భరిణెలు మూలుగుతుంటాయి కదా, ఇన్నాళ్ళకు వాటికో ఉపయోగం దొరికింది. ఒకసారి మా వదిన, అంటే మా ఆయన అక్క, వెళ్ళబోతూ నాకు బొట్టు పెట్టడానికి చేతికందిన భరిణె తెరిచింది. వేలికి తుపాకీ అంటుకుని వచ్చింది. "ఇదేంది పిల్లా, కుంకుమ డబ్బల ఆయుధాలు పెట్టినవ్," అని ఆ రోజు కడుపుబ్బ నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి మా మధ్య నవ్వులే ఉన్నాయి.

మాకు పిల్లల్లేరు. ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, నా బొమ్మల గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ చివరికి అక్కడికే వస్తారు కాబట్టి నేనే ముందు చెప్తున్నా. "పాపం, పిల్లల్లేరు గద, అందుకే బొమ్మలు పెట్టుకున్నది." ఈ మాట నా వెనక అన్నారు, నా ముందర అన్నారు, ఒకావిడ నేను ఆవిడ చేతికి సూది గుచ్చుతుండగా అంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. చక్రం తిప్పేవాడిని కొన్నప్పటికి నాకు పెళ్ళే కాలేదు తల్లీ. రాగి చెంబులు సేకరించేవాళ్ళను, పాత నాణేలు దాచుకునేవాళ్ళను ఎవరూ పాపం అనరు. నాకు పిల్లలు కలగకపోవడం ఒక బాధ. అది నా బాధ, అది వేరే ఉంది. ఈ షోకేసు దాని మీద వేసిన దుప్పటి కాదు.

ఇలా అనుకోవడంతో ఆగితే నేను పట్టించుకోకపోదును. కానీ దాని వెనకాలే ఒక ఆనవాయితీ వస్తుంది. ఇంటికొచ్చిన పిల్లలను ఏడిపించి పంపకూడదు. చుట్టాల పిల్ల షోకేసులో ఏదైనా చూపించి మారాం చేస్తే, తల్లి "వద్దు, అట్ల అడుగొద్దు" అని ఒకసారి అంటుంది. అప్పుడు ఇంటామె "అయ్యో, పిల్లకన్న ఎక్కువనా, తీస్కపో బిడ్డా" అని తీసి ఇవ్వాలి. ఇది అందరికీ తెలిసిన వరస. తల్లి వద్దనడం ఎంత ఉత్తుత్తిదో, ఇంటామె తీసుకుపొమ్మనడం అంత తప్పనిసరిది. ఇక పిల్లల్లేని ఇల్లు, దాంట్లో నలభై బొమ్మలు అంటే అడగడానికి మొహమాటం కూడా ఉండదు.

అలా మూడు ఇచ్చాను. నా నోటితోనే "తీస్కపో బిడ్డా" అన్నాను, అదే నాకు ఎక్కువ కోపం. మూడోది ముందటేడు దసరాకు వదిన మనవరాలు తీసుకెళ్ళింది. నీళ్ళ గ్రహంలో మునిగి గొట్టాలు బాగుచేసే గజ ఈతగాడు వాడు. వీపు మీద రెండు గాలి డబ్బాలు, కాళ్ళకు రెక్కలు. పదిహేను రోజుల తర్వాత అంబర్‌పేటలో వదిన వాళ్ళింటికి వెళ్తే, డాబా మీద కుండీలో తలకిందులుగా పాతిపెట్టి ఉన్నాడు. మల్లె తీగ పడిపోకుండా వాడి కాళ్ళకు దారం కట్టింది వదిన. చేతులు రెండూ లేవు. "పిల్ల ఇరగ్గొట్టి పారేసింది. నేనే వేస్ట్ కాకుండ పెట్టిన, చూసినవా," అంది సంబరంగా. ఆమెకు నిజంగానే అది మంచి పని. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నలభై ఏడేళ్ళ ఆడది ప్లాస్టిక్ బొమ్మ కోసం ఏడ్చిందని నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

ఆ తర్వాతే, మళ్ళీ దసరా దగ్గరపడుతుండగా, తాళం. నారాయణగూడ మార్కెట్లో హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి, దుకాణాల్లో అద్దాల కౌంటర్లకు వేస్తారే, పళ్ళున్న పట్టీ తాళం, అది అడిగాను. "ఏం షాపమ్మా మీది?" అన్నాడు షాపాయన. "షాపు కాదు. ఇంట్ల బొమ్మలకు," అన్నాను. ఆయన ఇంకేం అడగకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. తాళంచెవిని నా పుస్తెల తాడుకు, అక్కడెప్పుడూ వేలాడే పిన్నీసుల మధ్య తగిలించుకున్నాను.

మా ఆయన ముఖం మాడిపోయింది. "అక్క చూస్తే ఏమనుకుంటదే," అన్నాడు.

"ఏమన్న అనుకోనియ్యి."

"చుట్టాల ముంగట తాళం అంటే దొంగలన్నట్టే గదనే. పండుగ ఒక్కరోజు తియ్యరాదు."

"తియ్య. పండుగకే గద పోయేటియి."

ఆయన బాధ నాకు తెలియక కాదు. ఆయన నాలుగో తరగతిలో ఉండగా తల్లి చనిపోతే, వదినే చదువు మానేసి ఆయన్నీ ఆయన తమ్ముణ్ణీ సాకింది. ఆయనకు ఆమె ఒట్టి అక్క కాదు, ఆమెలోనే అమ్మ కూడా ఉంది. వదిన మా గడప తొక్కడం మానేస్తే ఈయన సగమైపోతాడు. నాకు మాత్రం ఆమె పరాయిదా? పెళ్ళైన కొత్తలో నాకు జ్వరం వస్తే పదకొండు రోజులు మా ఇంట్లో ఉండి నా తల దువ్వింది. కాబట్టి నేను తాళం వేసింది ఎవరి మీద వేశానో తెలిసే వేశాను.

మొన్నటి దసరా సాయంత్రం వదిన వచ్చింది. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, "బంగారం తీస్కో పిల్లా," అని కౌగిలించుకుని అలయ్ బలయ్ ఇచ్చింది. నేను కాళ్ళకు మొక్కాను. వెంట మనవరాలు, ఇప్పుడు ఆరేళ్ళది. చెప్పులు విప్పడం ఆలస్యం, సరాసరి షోకేసు దగ్గరికి పోయి అద్దానికి నుదురు ఆనించింది. కాసేపటికి వేలు పెట్టి చూపించింది. "అది కావాలె."

నాకు తెలుసు అదే అడుగుతుందని. పైవరసలో చివర, ఓడ అడుగున పానా పట్టుకుని నిలబడ్డ ఆడ మెకానిక్. సినిమాలో రెండు నిమిషాలు కూడా కనిపించదు. ఇలాంటివాళ్ళను కంపెనీ షాపులకు పంపే పెద్ద డబ్బాకు ఒక్కటే వేస్తుంది, మిగతావన్నీ హీరోలే. పదకొండు నెలలు వెతికాను దానికోసం. మాలాంటి పిచ్చివాళ్ళు ఫోన్లో ఒక గ్రూపుగా ఉంటారు, అందులో ఒకరికి నా ఇద్దరు సైనికులను ఇచ్చి మార్పిడి చేసుకున్నాను.

వదిన లేచి అద్దం జరపబోయింది. జరగలేదు. "పట్టేసింది గద తమ్మి, జర చూడు," అంది.

"పట్టేయలే వదినా. తాళం ఏసిన," అన్నాను.

ఆమె చెయ్యి అద్దం మీదే ఉంది. "ఎవరికి? మాకా?"

"ఎవరికైనా."

"తియ్యి మరి. పండుగపూట పిల్లను ఏడిపిస్తమా."

"తాళం తీస్త. ఇక్కడ్నే కూసొని ఎంతసేపన్న ఆడుకోనియ్యి, నేను గూడ కూసుంట. ఇంటికి మాత్రం ఇయ్య."

టీవీలో పండుగ ప్రోగ్రాం గోల గోలగా వస్తోంది. మా ఆయన దాన్ని ఆపేశాడు, ఆపకుండా ఉంటే బాగుండేది. ఆ నిశ్శబ్దంలో వదిన, "పిల్లలున్నోళ్ళకు తెలుస్తది ఇది. నీకేం తెలుస్తది," అంది.

ఇరవై రెండేళ్ళలో ఆమె నోటి నుంచి ఆ మాట రాలేదు. అందరూ అన్నారు, ఆమె అనలేదు. నా చెవులు వేడెక్కాయి. చేతులు మాత్రం వణకలేదు, నా చేతులకు ఆ అలవాటు లేదు.

"నాకు పిల్లలుంటే గూడ ఇయ్యకపోదును వదినా," అన్నాను. "నా కడుపుల పుట్టినోళ్ళు గూడ నన్ను అడిగే ముట్టుకుందురు. ఇవి పిల్లలు లేరని పెట్టుకున్నయి కావు. ఇవి నాయి."

"తమ్మి, నువ్వు చెప్పవేందిరా."

మా ఆయన నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, ఫ్యాన్ వైపు చూశాడు. "తాళంచెవి నా దగ్గర లేదక్కా," అన్నాడు.

అబద్ధం కాదు. అది నా మెడలో వేలాడుతోంది, అందరికీ కనిపిస్తూనే ఉంది. వదిన చూసింది. "పుస్తెలకు కట్టుకున్నవా దాన్ని," అని, పిల్ల రెక్క పట్టుకుని గుమ్మం వైపు నడిచింది. పిల్ల ఏడుపు అందుకుంది. నేను భరిణెతో వెనకాలే వెళ్ళాను. బొట్టు పెట్టించుకోకుండా ముత్తయిదువ ఇల్లు దాటడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వదిన దాని వైపు చూడకుండానే మెట్లు దిగింది. మా సందు నిండా కోచింగ్ పిల్లలుంటారు, పోటీ పరీక్షల పుస్తకాలు చంకలో పెట్టుకున్న నలుగురు మెట్ల కింద తప్పుకుని దారిచ్చారు. మేం చేసిన గారెలు అలాగే ఉండిపోయాయి.

తర్వాత నాలుగు నెలలు ఆమె రాలేదు. మా ఆయన ఆదివారాలు ఒక్కడే అంబర్‌పేట వెళ్ళివచ్చేవాడు. పెద్ద డబ్బాలో వచ్చే సకినాలు చిన్న డబ్బాలో రావడం మొదలైంది, ఒక మనిషికి సరిపడా. ఆయన దాన్ని నా ముందు పెట్టేవాడు, నేను ఆయన ముందుకే జరిపేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "నీకు బొమ్మలు ఎక్కువనా, మా అక్క ఎక్కువనా?"

"అక్కనే ఎక్కువ," అన్నాను. "నేను తక్కువ కాదు గద."

నాకు లోపల బాగాలేదు. ఒకట్రెండు సార్లు ఆ మెకానిక్‌ను కాగితంలో చుట్టి అంబర్‌పేట తీసుకెళ్ళి ఇచ్చేద్దామా అని కూడా అనుకున్నాను. ఇస్తే అన్నీ సర్దుకుంటాయి. డబ్బా మళ్ళీ పెద్దదవుతుంది. మళ్ళీ దసరాకు ఇంకొకటి పోతుంది, నేను మళ్ళీ నవ్వుతూ తీసుకుపొమ్మంటాను. ఒక ఇంట్లో ఇరవై రెండేళ్ళు వండి వార్చి, ఒక అద్దాల పెట్టె నాది అనడానికి ఇంత రభస కావాలా? కావాలంటే కానివ్వండి. ఇవ్వలేదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున, ల్యాబులో టోకెన్ పిలిస్తే పరదా తీసుకుని వదిన వచ్చింది. పదిహేనేళ్ళుగా ఆమెకు షుగర్. చేతి నరం దొరకదు ఆమెకు, ఎప్పుడూ నా దగ్గరికే వచ్చేది. దసరా తర్వాత ఇంకెక్కడో చేయించుకున్నట్టుంది, కుడి మోచేతి మడత దగ్గర చర్మం నల్లగా కమిలిపోయి ఉంది. నేను కమిలినదాన్ని చూశానని ఆమె చూసింది. కుర్చీలో కూర్చుని, గాజులు పైకి నెట్టి ఎడమ చెయ్యి చాపింది.

రబ్బరు పట్టీ కట్టాను. వేలితో తడిమి నరం వెతుకుతుంటే అడిగింది. "ఇంక ఏసే ఉందా తాళం?"

"ఉంది వదినా."

నరం దొరికింది. ఒక్క పోటుకే రక్తం వచ్చింది. వదిన ముఖం తిప్పుకోలేదు, ట్యూబు నిండడం చూస్తూ కూర్చుంది.

"మా ఇంట్ల నాలుగు బీరువాలున్నయి," అంది. "అన్ని తాళాలు నా నడుముకే ఉంటయి. కొడుకుయి, కోడలుయి, మీ అన్నయి, అందరియి నా దగ్గరనే. ఎవ్వలకు ఏం కావాలన్న నేనే తీసియ్యాలె. మొన్న నీ మీద కోపంల అన్ని తెరిచి చూసిన. నాది అని దాసుకున్నది ఒక్కటి లేదు."

సూది తీసి దూది పెట్టాను. నాలుగు నెలలుగా ఆమెతో అనాలని సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా ఇక్కడ పనికిరాలేదు.

"ఉంటే ఏం దాసుకుంటుంటివి వదినా?" అని అడిగాను.

ఆమె దూదిని బొటనవేలితో నొక్కి పట్టుకుని గోడకేసి చూసింది. "ఏమో," అంది. "ఎవ్వలు అడుగలే. నేను గూడ ఎన్నడు అనుకోలే."

బయట తర్వాతి టోకెన్ పిలిచారు. వదిన లేవలేదు, ఇంకా ఆలోచిస్తూనే ఉంది. పరదా దగ్గరికి వచ్చిన పెద్దమనిషి వాచీ చూసుకుంటూ, ఆఫీసుకు లేటవుతోందమ్మా అని విసుక్కున్నాడు. ఆయన్ని ఆగమన్నాను.